కోటను సాకిన ఊరు

ఏటా ఆగస్టు 22 వచ్చేసరికి మద్రాసు పుట్టినరోజు కథ మళ్లీ మొదలవుతుంది. 1639లో ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషు వర్తకుడు కోరమాండల్ తీరాన ఒక ఇసుక తిన్నె చూశాడట. స్థానిక నాయకుడిని అడిగి పుచ్చుకున్నాడట. కోట కట్టాడట. కోట నీడన ఊరు మొలిచింది, ఊరికి చట్టం వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, కార్పొరేషన్ వచ్చింది. చుట్టుపక్కల యుద్ధాలతో అల్లాడుతున్న జనం ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చి ఆ నీడన చేరి బతికిపోయారు. పొగిడేవాళ్లు చెప్పే కథే కాదిది. వలసపాలనను తిట్టేవాళ్లు సైతం చివరికి ఒక మాట ఒప్పేసుకుంటారు: దోచుకున్నారు గానీ, నగరం మాత్రం వాళ్లు కట్టిందే కదా అని.

ఈ ఒప్పుకోలు తప్పు. ఆ తప్పు చిన్నదీ కాదు. సెయింట్ జార్జి కోటలో మొదటి నూరేళ్లు మనుషులు ఎలా బతికారో రోజువారీగా చూడండి. తాగే నీళ్లు ఎవరు మోశారు? ఓడ దిగినవాడిని ఒడ్డుకు ఎవరు చేర్చారు? రాత్రిపూట కావలి ఎవరు కాశారు? ఓడ నింపి పంపిన గుడ్డ ఎవరు నేశారు, ఎవరు ఉతికారు, ఎవరు అద్దారు? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు కోట గోడకు బయటే ఉంది. కోట ఊరిని పోషించలేదు. ఊరే కోటను సాకింది. సాకినందుకు ఊరికి దక్కింది పన్ను, బానిస ఓడ, చివరికి గునపం.

మొదట ఆ ‘ఖాళీ నేల’ సంగతి తేల్చుకుందాం. డే అడుగుపెట్టిన చోటికి దక్షిణాన కాస్త దూరంలో మైలాపూరు ఉంది. దారిలో తిరువల్లిక్కేణి ఉంది. అక్కడి పార్థసారథి గుడిలో పల్లవ దంతివర్మ కాలపు శాసనం ఉంది, అంటే డే పుట్టడానికి దాదాపు ఎనిమిది శతాబ్దాల ముందే అది శాసనం వేయించుకునేంత ఊరు. సాంథోంలో పోర్చుగీసువాళ్లు అప్పటికే నూరేళ్లకు పైగా కాపురం ఉన్నారు. ఉత్తరాన పులికాట్‌లో డచ్చివాళ్లు 1613 నాటికే గెల్డ్రియా కోట కట్టుకున్నారు. డేకు అనుమతి ఇచ్చిన దామర్ల వేంకటాద్రి నాయకుడు చంద్రగిరి రాయల కింద వందవాసి సీమను ఏలుతున్నవాడు. అతని తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండేవాడు. కొత్త ఊరికి వచ్చిన చెన్నపట్నం అనే పేరు వాళ్ల తండ్రి చెన్నప్ప నాయకుడిది. ఎవరూ లేని చోట పట్టా ఎవరిస్తారు? అంతా లెక్కలో ఉన్న నేల అది, సుంకంలో సగం మాకు రావాలని బేరం పెట్టుకుని మరీ ఇచ్చిన నేల.

ఇంగ్లీషువాళ్లు అక్కడికి ఎందుకొచ్చారన్నది ఇంకా ముఖ్యం. 1611లోనే మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టినవాళ్లు వాళ్లు. అక్కడ గోల్కొండ అధికారులతో చిక్కులు, డచ్చివాళ్లతో పోటీ. 1626లో దుగ్గరాజపట్నం దగ్గర ఆర్మగాన్‌లో ఇంకో స్థావరం పెట్టారు. అదీ కుదురుకోలేదు. మద్రాసపట్నం గురించి డే తన పైవాళ్లకు చెప్పిన గొప్ప ఒక్కటే: ఇక్కడ గుడ్డ మిగతా చోట్లకంటే 20 శాతం చౌక. ఓడరేవు లేదు, మంచి నది లేదు, ఎత్తైన గుట్ట లేదు. ఉన్నది నేతగాళ్లు. వాళ్ల పనితనాన్ని వెతుక్కుంటూ వచ్చినవాడు వాళ్లకు దిక్కు చూపడానికి వచ్చాడని చెప్పడం న్యాయం కాదు.

ఆ నేతగాళ్లు కూడా శరణార్థుల్లా వచ్చి వాకిట్లో నిలబడలేదు. వాళ్లను పిలవాల్సి వచ్చింది. మచిలీపట్నం ఏజెంటు ఆండ్రూ కోగన్ 1640 ఫిబ్రవరిలో డేతో కలిసి ఇక్కడికి మకాం మార్చాక ఈస్టిండియా కంపెనీ పేరున ఒక చాటింపు వేయించాడు. ఊళ్లో స్థిరపడేవాళ్లు తినేవాటి మీద, తాగేవాటి మీద, కట్టేవాటి మీద ముప్పై ఏళ్ల పాటు సుంకం ఉండదన్నది దాని సారాంశం. ఆ మాట నమ్మి ఏడాది తిరిగేసరికి దాదాపు 400 నేత కుటుంబాలు వచ్చాయి. వాళ్లను పోగుచేయడంలో, బయానాలు పంచడంలో, నాయకుల దర్బారుల్లో మాట నడపడంలో బేరి తిమ్మన్న వంటి దుబాసీలు లేకపోతే కంపెనీకి నోరే లేదు. కోట మాటకొస్తే, దాని ఖర్చు చూసి లండన్ పెద్దలు గొణిగారు. పద్నాలుగేళ్లకు గానీ పని పూర్తికాలేదు. కోట గోడలు ఇంకా లేస్తుండగానే నాగభట్టు అనే అతను, తిమ్మన్న తమ ఊరికి చెన్నకేశవ స్వామి గుడి కట్టి మాన్యాలు రాసిచ్చారు. ఆ పత్రాలు 1646, 1648 నాటివి. కోట ఇంకా కడుతూ ఉండగానే ఊరు ఊరయింది.

ఇక సముద్రం. మద్రాసుకు 19వ శతాబ్దం చివరిపాదం దాకా రేవు గోడ లేదు. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మధ్యలో విరుచుకుపడే కెరటాలు. ఇంగ్లీషు పడవ వాటిలోకి దిగితే బద్దలే. ఆ కెరటాలు దాటగలిగినవి రెండే: తీరం పల్లెకారుల తెప్పలు, మసులా పడవలు. ఇనుప మేకులతో బిగించకుండా, చెక్క పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టి చేసినది మసులా పడవ. కెరటం కొడితే వంగుతుంది, విరగదు. 1673లో వచ్చిన వైద్యుడు జాన్ ఫ్రయర్ ఆ కుట్టుపనిని ఆశ్చర్యపోతూ వర్ణించాడు. గవర్నరైనా, ఫిరంగి అయినా, వెండి పెట్టె అయినా, గుడ్డ మూట అయినా రెండు శతాబ్దాలకు పైగా ఈ పడవల మీదే దిగింది, ఎక్కింది. పల్లెకారులు ఒక్క వారం తెడ్డు పట్టకపోతే కంపెనీ వర్తకం నిలిచిపోతుంది. పడవ నడిపినవాళ్ల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా లేవు.

నీళ్ల సంగతీ అంతే. ఉప్పు గాలి కొట్టే ఇసుక మీద కట్టిన కోటకు మంచినీళ్లు ఉత్తరాన పెద్దనాయకన్‌పేట వైపు బావుల నుంచి మోసి తేవాలి. ఎండనక వాననక ఆ దూరం నడిచింది ఊరి మనుషులే. 1772లో ఏడు బావుల పథకం కట్టి గొట్టాల్లో కోటకు నీళ్లు పంపారు. కోట నిలబడిన నూట ముప్పై ఏళ్లకు! దాన్ని నగరానికి ఇంగ్లీషువాళ్లు పెట్టిన నీటి వసతిగా పొగుడుతారు. ఊరి నేలలో ఊరిన నీరు గొట్టం ఎక్కి ముందు చేరింది కోటకు. ఇక బియ్యం. కృష్ణా గోదావరుల తీరం నుంచి, ఇంకా ఉత్తరాన గంజాం నుంచి తీరపు ఓడల్లో వచ్చేది. వానలు తప్పినా, ఓడలు ఆలస్యమైనా ముందు ఆకలి తట్టేది పేటల తలుపులే. 1647 కరవులో ఈ తీరమంతా వేలమంది చచ్చిపోయారు. కోట గోడ ఆ ఆకలిని ఆపలేదు.

సరే, కోట లోపల ఏముంది? ‘క్రమశిక్షణ నేర్పారు’ అనేవాళ్లు 1678లో గవర్నర్ స్ట్రెయిన్‌షామ్ మాస్టర్ తన వాళ్ల కోసం పెట్టిన నిబంధనలు చదవాలి. ఒక్క కూర్చోవడంలో అర పింటు సారాయి, ఒక క్వార్టు వైను మించి తాగరాదు. తాగితే ఇంటివాడికీ అతిథికీ జరిమానా. బూతులాడితే జరిమానా, ప్రార్థనకు రాకపోతే జరిమానా. రాత్రి గోడ దూకి బయటికి పోతే సంకెళ్లు వేసి, ఓడ వచ్చాక ఇంగ్లండుకు తిరుగుటపా. జరగని తప్పుకు ఎవరూ జరిమానా కట్టరు. రెండేళ్ల ముందు, 1676లో, అక్కడి పాదిరి పాట్రిక్ వార్నర్ తాగుడు, జూదం, వ్యభిచారం గురించి కంపెనీ పెద్దలకు బాధపడుతూ ఉత్తరమే రాశాడు. ఆ కోటలోని యువకుల మీద నాకు జాలే ఉంది. రైటరు అనే గుమాస్తా జీతం ఏడాదికి పది పౌన్లు. ఎండ, జిగట విరేచనాలు, జ్వరాలు, ఇంటికి ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఏడాదికి పైగా. చాలామంది తిరిగి ఓడ ఎక్కలేదు. సొంతంగా వర్తకం చేసుకున్నవాడే బాగుపడ్డాడు. 1672లో అదే పది పౌన్ల జీతానికి వచ్చిన ఎలిహు యేల్ గవర్నరై, లక్షలు గడించి తిరిగెళ్లాడు. అయినా అతని పసికొడుకు ఈ నేలలోనే మిగిలిపోయాడు.

ఆసుపత్రి 1664లో మొదలైన మాట నిజమే. ఎవరి కోసం? చచ్చిపోతున్న కంపెనీ సోల్జర్ల కోసం, ఒక ఇల్లు అద్దెకు తీసుకుని. ఆ ఆసుపత్రి తలుపు ఊరి జనానికి తెరుచుకునేసరికి 19వ శతాబ్దం వచ్చింది. సోల్జర్లకు పెళ్లాలు లేరు. అందుకని 1687లో లండన్ పెద్దలు ఇక్కడి ఆడవాళ్లను పెళ్లాడమని ప్రోత్సహిస్తూ, పుట్టిన బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన రోజున తల్లికి ఒక వరహా ఇవ్వమని రాశారు. రేపటి సైన్యాన్ని కూడా ఈ ఊరి తల్లులే కని ఇవ్వాలన్నమాట. ఫ్రయర్ లెక్క ప్రకారం ఇంగ్లీషువాళ్లు సుమారు మూడు వందలు, పోర్చుగీసువాళ్లు మూడు వేలు, హిందువులు ముప్పై వేలు. వందకొకరు. ఆ ఒక్కడి కథనే నగర చరిత్ర అంటున్నాం.

భద్రత ఇచ్చారంటారు. ఊరికి కావలి కాసింది కంపెనీ సోల్జరు కాదు, పెద్దనాయకుడు. ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్న తలారి పద్ధతి అది. పొలం మీద, వచ్చే సరుకు మీద కొన్ని రుసుములు అనుభవిస్తూ తన మనుషులతో రాత్రంతా కావలి కాయాలి. దొంగతనం జరిగితే పోయిన సొమ్ము తనే కట్టివ్వాలి. పెద్దనాయకన్‌పేట పేరు అలా వచ్చిందే. న్యాయం నేర్పడానికి సముద్రాలు దాటి వచ్చామన్నవాళ్లు తమ సామాను కాపాడుకోవడానికి ఈ ఊరి కట్టుబాటునే అరువు తెచ్చుకున్నారు.

ఇప్పుడు శరణు సంగతి. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండను పడగొట్టింది. తెలుగు దేశమంతా యుద్ధం, దాని వెంట కరవు. ఆకలికి తాళలేక మనుషులు బిడ్డలను అమ్ముకున్నారు, తమను తాము అమ్ముకున్నారు. కోట నీడన చేరితే బతికిపోయేవాళ్లని కథ చెబుతుంది. రికార్డు వేరే చెబుతుంది. ఆ ఏడాది ఒక్క నెలలో కనీసం 665 మందిని మద్రాసు నుంచి బానిసలుగా ఓడలెక్కించారు. ఎగుమతయ్యే మనిషికి ఒక వరహా సుంకం వసూలు చేశారు. అప్పటి గవర్నర్ యేల్. యూరపు వెళ్లే ప్రతి ఓడా సెయింట్ హెలీనా దీవికి కనీసం పదిమంది బానిసలను తీసుకెళ్లాలని కౌన్సిల్ ఆజ్ఞ. మరుసటి ఏడాది ఈ వ్యాపారాన్ని ఆపేసిన మాట నిజం. ఎందుకు ఆపారు? మొగలు పాలన గుమ్మం దాకా వచ్చింది. మా పిల్లల్ని, పనివాళ్లని ఎత్తుకుపోతున్నారని దాని అధికారులు ఫిర్యాదులు చేశారు. కొత్త ఏలిక కోపానికి జడిసి ఆపారు. కరుణను దీనికి కారణంగా చెప్పడానికి ఆ రికార్డు చోటివ్వదు.

చట్టం, స్వపరిపాలన అన్నవి ఇంకో గొప్ప. 1688లో మద్రాసు కార్పొరేషన్ పుట్టింది, ఆల్డర్‌మెన్లలో హిందువులకూ చోటిచ్చారు, మన దేశంలో మొట్టమొదటిది అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. దాని వెనక ఏం జరిగిందో మరచిపోతాం. ముప్పై ఏళ్ల సుంకం మాఫీ గడువు తీరింది. గోడలకు, సోల్జర్లకు డబ్బు కావాలి. 1686 జనవరిలో గవర్నర్ విలియం గిఫర్డ్ ఇంటిపన్ను వసూలుకు దిగాడు. ఊరు ఎదురు తిరిగింది. అంగళ్లు మూతపడ్డాయి, పనులు ఆగిపోయాయి. లొంగకపోతే ఇళ్లు కూల్చి, స్థలాలు అమ్మి, కుటుంబాలతో సహా ఊరి నుంచి వెళ్లగొడతానని గవర్నర్ బెదిరించాడు. సరిగ్గా ఆ గొడవ తర్వాతే లండన్‌లో కంపెనీ పెద్ద జోసయా చైల్డ్ బుర్రలో కార్పొరేషన్ ఆలోచన గట్టిపడింది. మనం బలవంతంగా అడిగితే కొద్దిపాటి పన్నుకూ ఏడుస్తారు, తమవాళ్లే వేస్తే ఎంతైనా కడతారన్నది అతని లెక్క. 1687 డిసెంబరు చార్టర్ ఆ లెక్క మీద పుట్టింది. ఊరివాళ్లను బల్ల దగ్గర కూర్చోబెట్టింది ఊరిని ఏలమని కాదు, ఊరి దగ్గర వసూలు చేసిపెట్టమని.

అయినా ఊరి చేతిలో ఒక ఆయుధం ఉండేది: మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోవడం. 1707లో కుడిచేతి, ఎడమచేతి కులాల తగాదా ముదిరినప్పుడు కుడిచేతివాళ్లు గుంపులుగా సాంథోం వెళ్లిపోయారు. గవర్నర్ థామస్ పిట్ వాళ్లను తిరిగి రప్పించేందుకు బేరాలాడాల్సి వచ్చింది. ఫిరంగులున్నవాడు చాకలిని, నేతగాడిని బతిమాలాల్సి రావడం కంటే ఎవరి మీద ఎవరు ఆధారపడ్డారో చెప్పే సాక్ష్యం ఇంకేం కావాలి? కంపెనీ ఆ తగాదాను తీర్చిన తీరు కూడా గమనించాలి. ఒక పక్షానికి పెద్దనాయకన్‌పేట, ఇంకో పక్షానికి ముత్యాలపేట అని వీధులు విడదీసి హద్దులు గట్టిపరిచింది. కులం గోడలు కూల్చారని ఇంగ్లీషువాళ్లను పొగిడేవాళ్లు ఈ వీధుల గుండా ఒకసారి నడవాలి.

చివరికి గునపం. 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నారు. మూడేళ్లు తమ చేతిలో ఉంచుకుని, కోటను ఆనుకున్న ఊరిని కొంత కూల్చారు. 1749లో తిరిగి వచ్చిన ఇంగ్లీషువాళ్లు మిగిలింది తామే కూల్చారు. శత్రువు ఇళ్ల చాటున దాక్కోకూడదని, ఫిరంగి గుండుకు అడ్డం లేని మైదానం కావాలని. కోట కడుతున్న రోజుల్లో పుట్టిన చెన్నకేశవ ఆలయం ఆ కూల్చివేతలోనే పోయింది. వేరే చోట స్థలం 1762లో గానీ రాలేదు. 1773లో ఆ మైదానానికి హద్దురాళ్లు నాటారు. వాటిలో ఒకటి ప్యారీస్ కార్నర్ దగ్గర ఇప్పటికీ ఉంది. మొదటి చెన్నపట్నం నిలిచిన చోట ఇవాళ హైకోర్టు ఉంది. కట్టినవాళ్లనే నగరం పుట్టించినవాళ్లుగా లెక్కేస్తే, కూల్చిన లెక్క ఎవరి ఖాతాలో రాస్తారు?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఇంత కష్టమైతే జనం ఎందుకు వచ్చారు? వచ్చి ఎందుకు ఉండిపోయారు? నిజమే, వచ్చారు. రాయల రాజ్యం కూలుతోంది, గోల్కొండ దండ్లు దిగుతున్నాయి, పాత ఏలికలూ పన్నుల కోసం పీడించారు. ఆ కాలపు రాజులెవరూ ధర్మమూర్తులు కారు. కంపెనీ చేతిలో రొక్కం ఉంది, బయానా చేతికందేది, పని దొరికేది. ఆ మేరకు మద్రాసు ఎంతోమందికి మేలైన చోటే అయింది. కానీ పని దొరికిన చోటికి వచ్చినవాడు ఆ చోటును కట్టినవాడే అవుతాడు, యజమాని దయ మీద బతికినవాడు కాడు. బయానా మాత్రం ఉచితంగా వచ్చిందా? సొమ్ము పుచ్చుకున్న నేతగాడు బాకీ తీరేదాకా మగ్గానికి కట్టుబడే ఉండాలి. గుడ్డ నాసి అంటూ రకం తగ్గించి ధర కోయడం గోదాములో నిత్యకృత్యం. నేతగాళ్లు చాలక కంపెనీ మళ్లీ మళ్లీ కొత్త పేటలు కట్టాల్సి వచ్చింది. 1734లో సుంకురామ చెట్టి అనే వర్తకుడి తోటను స్వాధీనం చేసుకుని వేసిన చింతాద్రిపేట అలాంటిదే. సాకేవాళ్ల కోసం వెతుకులాట నూరేళ్లయినా ఆగలేదు.

మన వైపు ఇంకో కథ ఉంది, దాన్నీ ఖండించకుండా ఈ వ్యాసం ముగిస్తే అన్యాయం. పట్టా ఇచ్చింది దామర్లవారు, నడిపింది బేరి తిమ్మన్న, కాశీ వీరన్న, కాబట్టి మద్రాసు తెలుగువాళ్లు కట్టింది అన్న కథ. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు నగరం తెలుగువాళ్ల చేతికి రాలేదన్న బాధ దాని వెనక ఉంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఇంగ్లీషు గవర్నర్ విగ్రహం తీసి ఆ చోట తెలుగు వర్తకుడి విగ్రహం పెడితే సరిపోదు. కాశీ వీరన్న కంపెనీకి పెద్ద వర్తకుడిగా లాభపడ్డవాడే. బయానా పంచిన చేయి, గుడ్డ ధర కోసిన చేయి చాలాసార్లు ఒక్కటే, అది మన భాష మాట్లాడే చేయి. ఆ ఊరిని సాకినవాళ్లు తెలుగు సాలీలు, తమిళ పల్లెకారులు, తెలుగు బోయీలు, చాకళ్లు, అద్దకంవాళ్లు, పోర్చుగీసు ఇంటిపేర్లున్న దేశవాళీ తల్లులు. వాళ్లది ఒకే భాష కాదు, ఒకే కులం కాదు. అందరికీ ఉమ్మడిగా ఉన్నది చాకిరీ ఒక్కటే.

కాబట్టి పాఠం రాసేవాళ్లకు, ఆగస్టులో ఉపన్యాసాలిచ్చేవాళ్లకు నా విన్నపం ఇది. ఫ్రాన్సిస్ డే పేరు చెరపనక్కర్లేదు. అతను వచ్చింది నిజం, బేరం చేసింది నిజం. ఆ పేరు దగ్గరే ఆగిపోవద్దు. మసులా పడవ ఎలా కుట్టారో పిల్లలకు చెప్పండి. 1686లో అంగళ్లు మూసి ఎదురు తిరిగిన జనం గురించి చెప్పండి. 1687లో ఓడలెక్కించిన 665 మంది గురించి, హైకోర్టు కింద ఉన్న ఊరి గురించి చెప్పండి. మద్రాసును ఇంగ్లీషువాళ్లు కట్టలేదు. ఆ ఊరి శ్రమజీవులు కట్టారు. ఇంగ్లీషువాళ్లు దాని మీద సుంకం వసూలు చేశారు.